రిమార్కులు

భోగాపురంలో ముందు తెల్లారేది కాంక్రీటుకే.
సరుగుడు తోటల అవతల సముద్రం నల్లగా ఉండగానే
ఏడో స్టాండు బూడిదరంగు తేలుతుంది.

అప్పటికే మేం నడుములు వంచి నడుస్తుంటాం,
నేల మీద చూపు.
ఒక నట్టు. సూట్‌కేసు చక్రం విరిగిన ముక్క.
ఎవరిదో జడపిన్ను.
ఏరి డబ్బాలో వేస్తాం.
ఇంజనుకి రుచి తెలీదు
పిన్నునీ మింగుతుంది, పిట్టనీ మింగుతుంది,
తొందరపడి అడుగు ముందుకేస్తే
మనిషినీ.

నాది ముక్కు చక్రం దగ్గర పని.
తాడుతో కట్టిన రెండు రబ్బరు దిమ్మలు,
చక్రానికి ముందొకటి, వెనకొకటి.
పదకొండేళ్ళు విశాఖలో పెట్టాను, ఇప్పుడిక్కడ.
పేరు బర్రి తాతారావు.
బ్యాడ్జీ మీద టి. రావు.

ఎడమ రెక్క చివర ఆ రోజు కొత్తపిల్ల,
సూరాడ నూకరత్నం, ముక్కాం నుంచి.
శిక్షణలో అడిగారట,
విమానానికి గండం ఎక్కడెక్కువని.
అందరూ ఆకాశం చూపించారు.
ఈ పిల్ల లేచి,
"నడిసంద్రంలో తెప్ప బోల్తా పడదండి.
ఒడ్డుకాడ, ఆకరి కెరటం మీద పడతాది.
అప్పుడికే దిగిపోదారని అందరూ లెగిసిపోతారు కదా" అంది.
క్యాంటీనులో ఈ మాట చెప్పుకుని నవ్వారు.
నేనూ నవ్వాను.

హైదరాబాదు నుంచి మొదటిది దిగింది.
రాత్రి వాన తడి ఇంకా దాని వీపు మీద.
పసుపు గీత పట్టుకుని
మార్షలర్ చేతుల్లో దీపపు కర్రల వెంట
బుద్ధిగా వస్తోంది.
లోపల నూట డెబ్బై మంది
బెల్టులు విప్పేసే ఉంటారు,
పై అరలకి చేతులు చాచి.

ఉన్నట్టుండి
నూకరత్నం కర్రలు రెండూ
తలపైన అడ్డంగా కలిశాయి.

ఎందుకని ఎవరూ అడగలేదు.
మార్షలర్ కర్రలూ కలిశాయి.
పలుపు లాగిన ఎద్దులా
విమానం ఒక్కసారి ముక్కు వంచి నిలబడింది.
అద్దం వెనక కెప్టెను చెయ్యి తిప్పాడు: ఏమైంది?

ఆమె అతన్ని చూడటం లేదు.
మెట్లబండి.
గోడవారన ఉండాల్సింది
సముద్రపు గాలి తోస్తుంటే
ఎర్రగీత దాటి
జానెడు, ఆగి, మరో జానెడు,
రెక్క దారిలోకి
మనిషి నిద్రలో నడిచినట్టు.

జాకీలు దించలేదు. చక్రానికి దిమ్మ లేదు.

దిమ్మ పెట్టాల్సింది నేను.
రాత్రి రెండున్నరకి, వాన మొదలైందని,
టీ వచ్చిందని,
తర్వాత చూద్దాం అనుకున్నవాణ్ణి నేను.

పరుగెత్తబోయాను.
ఇంజన్లు తిరుగుతున్నాయి.
పొట్ట కింద ఎర్రదీపం కొట్టుకుంటోంది,
అది ఆరేదాకా నా కాళ్ళు నావి కావు.
అవతలి వైపు నుంచి ఇద్దరు కుర్రాళ్ళొచ్చి
బండిని వెనక్కి లాగారు.
నలభై సెకన్లు పట్టిందేమో.
నేను గాలి పీల్చానో లేదో గుర్తులేదు.

తర్వాత అంతా మామూలే.
గీత చివర ఆగింది. దీపం ఆరింది.
దిమ్మలు పెట్టాను, బొటనవేళ్ళు లోపలికి చూపించాను.
జనం దిగారు, ఫోన్లు చూసుకుంటూ.
ఒకాయన, లేటు చేశారని.

రెక్క చివర ఆగిన చోటికీ
బండి ఆగిన చోటికీ మధ్య
మోచేత్తో కొలిచాను:
రెండున్నర మూరలు.

సూపర్‌వైజరు పతివాడ సింహాచలం
రిజిస్టరు తెరిచి పెన్ను నా చేతిలో పెట్టాడు.
"ఏటీ అవనేదు కదా, నేవు అని రాసీ."

రిమార్కుల గడి చిన్నది.
రాశాను:
మెట్లబండికి దిమ్మ పెట్టలేదు. బర్రి తాతారావు.
చోటు చాలక పేరు పక్క గడిలోకి పోయింది.

బయట నూకరత్నం
మణికట్లు నలుపుకుంటోంది.
"నొప్పా?" అన్నాను.
"కర్రలు బరువున్నాయండి,
దించమనీదాకా దించకూడదన్నారు కదా."

దించమని ఎవరం చెప్పలేదు ఆమెకి,
విమానం ఆగి
ఎంతసేపైనా.